ఆరు నెలల అడ్వాన్స్ తీర్మానం మీద మా కాలనీ ఓనర్లకు బహిరంగ లేఖ

మా కాలనీ ఇంటి యజమానుల సంక్షేమ సంఘం అధ్యక్షులు గారికి, కార్యదర్శి గారికి, తోటి ఓనర్లందరికీ నమస్కారాలు.

పోయిన ఆదివారం కమ్యూనిటీ హాల్లో జరిగిన మీటింగుకు నేను రాలేకపోయాను. మా ఆవిడ మోకాళ్ల నొప్పులకి ఫిజియోథెరపీ ఉంటే అక్కడే సాయంత్రం అయిపోయింది. రాత్రి వాట్సాప్ గ్రూపులో తీర్మానం ముసాయిదా చూశాను. ఇకనుంచి కాలనీలో ఎవరు ఇల్లు కిరాయికిచ్చినా ఆరు నెలల అడ్వాన్స్ తీసుకోవాలి. బాకీ పెట్టి పోయినవాళ్ల ఫొటోలు, ఫోన్ నంబర్లు గ్రూపుల్లో పెట్టాలి. రెండు నెలలు కిరాయి ఆపితే నీళ్లు, కరెంటు ఆపేయాలి. ఫ్యామిలీలకే ఇవ్వాలి, అదీ కాలనీలో ఎవరో ఒకరు హామీ ఉంటేనే. ఈ నాలుగూ వచ్చే ఆదివారం చేతులెత్తి ఆమోదించేస్తారట.

ముసాయిదా మొదటి వాక్యంలోనే "మన సీనియర్ సభ్యుడొకరికి జరిగిన అన్యాయం దృష్ట్యా" అని రాశారు. ఆ సీనియర్ సభ్యుణ్ణి నేనే. మీ అభిమానానికి సంతోషం. కానీ నన్ను చూపించి చేస్తున్న తీర్మానం కాబట్టి, నాకు జరిగిందేమిటో, పోయిన డబ్బులో ఎంత వచ్చిందో, ఎలా వచ్చిందో, రానిది ఎందుకు రాలేదో పూర్తిగా విని ఆ తర్వాత చేతులెత్తండి. గ్రూపులో పెడితే నాలుగు లైన్లు చదివి బొటనవేలు గుర్తు పెట్టేస్తారని తెలుసు. అందుకే నోటీసు బోర్డుకి కూడా ఒక కాపీ అంటిస్తున్నాను.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీ డిపో స్టోర్స్‌లో పనిచేశాను. అక్కడ ఒక నట్టు బయటికి వెళ్లాలన్నా ఇండెంట్ ఉండాలి, సంతకం ఉండాలి, రిజిస్టర్‌లో ఎంట్రీ పడాలి. అలాంటివాణ్ణి, రిటైర్మెంటు డబ్బంతా పోసి కట్టిన మేడ మీది పోర్షన్‌ని రెండు పేజీల అగ్రిమెంటు, ఒక ఆధార్ జిరాక్సు పుచ్చుకుని ఇచ్చేశాను. లోపల ఏం ఉంది, ఏ స్థితిలో ఉంది అన్నది ఎక్కడా రాయలేదు.

వాళ్లు 2022 జూన్‌లో దిగారు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. శనివారం శనివారం గుడికి వెళ్లే కుటుంబం. మన సభ్యుల్లోనే ఒకరు "మనవాళ్లే సార్, నాదీ పూచీ" అని తీసుకొచ్చారు. అంటే ముసాయిదాలో నాలుగో అంశం పెట్టే పరీక్షలన్నీ పాసైన కిరాయిదారే. నెలకు 18,000. అడ్వాన్స్ రెండు నెలలది, 36,000. పదకొండు నెలల అగ్రిమెంటు 2023 ఏప్రిల్‌తో అయిపోయింది. మళ్లీ రాసుకోలేదు. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం నాది.

మొదటి ఏడాది ఒకటో తారీఖు దాటకుండా కిరాయి పడేది. తర్వాత ఆ అబ్బాయి ఉద్యోగం పోయింది. ఇద్దరూ కలిసి ఇంట్లోనే కూరలు వండి ఒక కర్రీ పాయింటుకి పంపడం మొదలుపెట్టారు. తెల్లవారుజామున నాలుగున్నరకే పైన గ్రైండర్ తిరిగేది. మా ఆవిడ చెబుతూనే ఉంది, "ఒకసారి పైకెళ్లి చూసి రండి" అని. "పోనీలే, బతకడానికే కదా" అన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ బాధ లేదు. పైకెళ్లి ఒక్కసారైనా వంటగది చూడనందుకు మాత్రం ఉంది.

2024 జూన్ నుంచి కిరాయి ఆగింది. "వచ్చే నెల కలిపి ఇస్తా అంకుల్" అనేవాడు. అక్టోబరు చివర్లో, దీపావళికి నాలుగు రోజుల ముందు మేం మా అమ్మాయి వాళ్లింటికి వెళ్లి వచ్చేసరికి మేడ మీద దీపం లేదు. తాళంచెవులు మూల మీది కిరాణా కొట్లో ఇచ్చి వెళ్లారు. ఫోన్ చేస్తే స్విచాఫ్.

పొద్దున వెళ్లి తలుపు తీశాను. వంటగది గోడ మీద టైల్స్ వరకూ ఫర్వాలేదు, తుడిస్తే పోతుంది. టైల్స్ పైన ఉన్న గోడ నూనె తాగి, పసుపు పట్టి, ముట్టుకుంటే వేలికి జిగురు అంటుతోంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కల చివర నల్లటి చుక్కలు వేలాడుతున్నాయి. సింకులో చెంబెడు నీళ్లు పోస్తే దిగలేదు, బుడగ వచ్చి ఆగిపోయింది. ప్లంబర్ వచ్చి కింద పైపు కోసి చూపించాడు: నాలుగంగుళాల పైపులో బొటనవేలు పట్టేంత దారి మిగిలింది, మిగతాదంతా గడ్డకట్టిన నూనె, సబ్బులా తెల్లగా. గ్రైండర్ పెట్టిన చోట వంటగట్టు గ్రానైట్ పగిలింది. బాత్రూం ప్లాస్టిక్ తలుపు కింద సగం విరిగిపోయి తాడుతో కట్టి ఉంది. కరెంటు రెండు నెలల బిల్లు బాకీ, 7,860. ఆ మాటకొస్తే నా అదృష్టం బాగుంది. మీటరు ఇంటి కేటగిరీలో ఉంది, వాడింది వ్యాపారానికి. తనిఖీకి వచ్చి ఉంటే నోటీసు నా పేరుకే వచ్చేది, సర్వీసు నా పేరు మీద ఉంది కాబట్టి.

ఆ రాత్రి నిద్ర పట్టక పాత అలవాటు కొద్దీ కాగితం తీసి లెక్క రాశాను. ఐదు నెలల కిరాయి 90,000. కరెంటు 7,860. పైపులైన్ 9,500. వంటగట్టు 6,200. పెయింటు 28,000. బాత్రూం తలుపు 3,200. కుళాయిలు, స్విచ్చులు, బల్బులు 2,400. మొత్తం 1,47,160. అడ్వాన్స్ తీసేస్తే 1,11,160 నాకు రావాలి. ఈ కాగితం పట్టుకుని మన కాలనీలోనే ఉండే ఒక అడ్వకేట్ దగ్గరికి వెళ్లాను.

ఆయన కళ్లజోడు సరిచేసుకుని మొదట అడిగిన మాట, "ఆఖరిసారి పెయింటు ఎప్పుడు వేయించారు?"

2018లో. అంటే ఆరేళ్ల నాటి పెయింటు. ఆయన పెన్ను తీసి 28,000 కొట్టేశారు. ఇల్లు వాడితే సహజంగా అరుగుతుంది, ఆ అరుగుదల కిరాయిదారు నెత్తిన వేయడానికి లేదు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లోనే ఆ మినహాయింపు ఉందన్నారు. అదీగాక కిరాయి ఆదాయం మీద ఇన్‌కం టాక్స్ కట్టేటప్పుడు, ఖర్చు పెట్టినా పెట్టకపోయినా 30 శాతం మనకి ముందే తగ్గిస్తారు కదా, అది ఇలాంటి వాటికే అని నవ్వారు. వంటగది పైగోడ మాత్రం మామూలు వాడకం కాదు కాబట్టి, దాని వరకు 5,000 ఉంచారు.

నేనింకా ఏదో వాదించబోతే ఆయన రెండో ప్రశ్న వేశారు. "2022లో ఖాళీ చేసిన కుర్రాడి దగ్గర పెయింటింగ్ అని నెల కిరాయి పట్టుకున్నారుగా, ఆ డబ్బుతో వేయించలేదా?"

నోట మాట రాలేదు. అవును, పట్టుకున్నాను. వీళ్లకి ముందు ఉన్నతను ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు, మూడేళ్లు ఉన్నాడు, ఒక్క నెల ఆలస్యం చేయలేదు. వెళ్లేటప్పుడు పెయింటింగ్ చార్జీలని 15,000 అడ్వాన్స్‌లోంచి కోశాను. "బిల్లు ఇస్తారా అంకుల్?" అని అడిగితే, "ఇది హైదరాబాద్‌లో అందరూ చేసేదే నాయనా" అన్నాను. పెయింటు వేయించలేదు. గోడలు బాగానే ఉన్నాయి, ఎందుకు వేయిస్తాను? మన కాలనీలో ఇలా కోయనివాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఆదివారం చెయ్యెత్తండి, చూడాలని ఉంది.

తర్వాత వంటగట్టు. దిగినప్పుడు బాగుందని రుజువేది అన్నారు. ఫొటో లేదు. "ముందే పగిలి ఉంది అంటే ఏం చెబుతారు?" ఇంటికొచ్చి ఈ మాట చెబితే మా ఆవిడ కాసేపు ఊరుకుని, "ఆ టీచరబ్బాయి ఉన్నప్పుడే అక్కడ సన్నటి గీత ఉండేదండీ, గుడ్డతో తుడిస్తే కనిపించేది" అంది. 6,200 కూడా పోయింది. కుళాయిలు, స్విచ్చులు మామూలుగా కిరాయిదారు చూసుకోవాల్సినవే గానీ, అవి ఎప్పటివో నాకే తెలియదు. 2,400 పోయింది. పైపులైన్‌కి ప్లంబర్ బిల్లు, కోసిన పైపు ఫొటో ఉన్నాయి, అది నిలిచింది. విరిగిన తలుపుకి తాడుతో సహా ఫొటో తీశాను, అదీ నిలిచింది. 1,11,160 కాస్తా 79,560 అయింది. పైసా వసూలు కాకముందే ముప్పై ఒక్క వేలు నా చేతులారా పోగొట్టుకున్నానన్నమాట. ఇదంతా ఆ అబ్బాయి మోసం కాదని గమనించండి.

ఇక మనిషిని పట్టుకోవడం. మా అల్లుడు పోలీస్ స్టేషన్‌కి వెళదామన్నాడు. కిరాయి బాకీ సివిల్ తగాదా, అక్కడ మాటలు చెప్పి పంపిస్తారని అడ్వకేట్ గారు ఆపారు. మరి అద్దె తగాదాలు చూసే రెంట్ కంట్రోలర్ దగ్గరికి? ఈ సంగతి నాకూ అప్పుడే తెలిసింది, మీలో చాలామందికి తెలిసి ఉండదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం 2005 సవరణ తర్వాత, మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 దాటిన కిరాయి ఇళ్లకు వర్తించదు. 3,500కి ఈ రోజు మన కాలనీలో బైకు పెట్టుకునే షెడ్డు రాదు. కాబట్టి మనందరికీ మిగిలింది మామూలు సివిల్ కోర్టే. అక్కడ కోర్టు ఫీజు, వాయిదాలు, మళ్లీ అప్పీలు. ఎనభై వేల బాకీ కోసం నేను ఎన్నేళ్లు తిరగాలి, ఆ తిరుగుడుకి ఆటో చార్జీలెంత?

ఆయన చెప్పిన దారి ఇది. ముందు పోస్టులో వకీలు నోటీసు, అందినట్టు సంతకం తెచ్చే పద్ధతిలో. దానికి 2,500 తీసుకున్నారు. కొత్త అడ్రసు తెలియదు కాబట్టి ఆధార్ జిరాక్సులో ఉన్న ఊరికి పంపాం. తర్వాత జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు. కేసు కోర్టుకి వెళ్లకముందే లోక్ అదాలత్‌లో పెట్టుకోవచ్చు. కోర్టు ఫీజు లేదు. వాళ్లే అవతలి వాళ్లకి నోటీసు పంపి పిలుస్తారు. ఇద్దరూ ఒప్పుకుంటే అవార్డు రాస్తారు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, డబ్బు కట్టకపోతే డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చు. ఒప్పుకోకపోతే మనకి పోయేదేం లేదు, కోర్టు దారి అలాగే ఉంటుంది. ఒకటే జాగ్రత్త, కిరాయి బాకీకి దావా వేయడానికి ప్రతి నెల కిరాయికీ అది ఇవ్వాల్సిన రోజు నుంచి మూడేళ్లే గడువు. "చూద్దాంలే" అని నాలుగేళ్లు కూర్చుంటే పాత నెలలు ఒక్కొక్కటే రాలిపోతాయి.

నోటీసు వెళ్లిన తొమ్మిదో రోజు ఫోన్ వచ్చింది. ఆ అబ్బాయి కాదు, వాళ్ల నాన్న. కరీంనగర్ దగ్గర పల్లెటూరు. "సార్, మా ఇంటికి కోర్టు కాగితం ఎన్నడూ రాలే. పోస్టుమ్యాన్ అందరి ముందల సంతకం పెట్టిచ్చిండు" అన్నాడు పెద్దాయన. గొంతు వణుకుతోంది. అది కోర్టు కాగితం కాదని, వకీలు నోటీసని చెప్పి, కొడుకుని మాట్లాడమనండి చాలు అన్నాను. ఆ సాయంత్రమే అబ్బాయి ఫోన్ చేశాడు. మొదట కోపంగా, తర్వాత మామూలుగా.

మార్చిలో లోక్ అదాలత్‌కి పిలిచారు. ప్లాస్టిక్ కుర్చీలు, నలభై యాభై మంది జనం, చెక్ బౌన్సు కేసులు, యాక్సిడెంటు కేసులు, మధ్యలో మేము. బెంచి మీద జడ్జి గారు, పక్కన ఒక అడ్వకేట్. మా వంతు వచ్చి ముగియడానికి అరగంట కూడా పట్టలేదు. కానీ ఆ అరగంటలో నా గాలి తీసేసిన మాట ఒకటి ఉంది. "జూలై కిరాయి ఇచ్చాను సార్, బోనాలకి ముందు, నోట్లు, అంకుల్ చేతికే" అన్నాడు.

ఇచ్చాడా? నిజం చెప్పాలంటే నాకు గుర్తు లేదు. ఆ నెలలో మా ఆవిడ ఆసుపత్రిలో ఉంది, ఎవరెవరో డబ్బు సర్దారు. డబ్బు ఇచ్చానన్నవాడే రుజువు చూపించాలి, చట్టం నా వైపే ఉందని అడ్వకేట్ గారు చెవిలో చెప్పారు. రశీదు పుస్తకం పెట్టలేదు కాబట్టి అతని దగ్గర కాగితం ఉండే ప్రశ్నే లేదని నాకు తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లు రిజిస్టర్లు రాసి, సొంత ఇంటి కిరాయికి ఒక నోటుబుక్కు పెట్టనివాడిగా ప్రమాణం చేసి "ఇవ్వలేదు" అనలేకపోయాను. ఆ 18,000 వదిలేశాను. 61,560 అయింది. "అరవై చేయండి సార్, ఆరు వాయిదాల్లో కడతా" అన్నాడు. ఒప్పుకున్నాను. నెల నెలా ఐదో తారీఖున పదివేలు. కాగితం మీద ఇద్దరం సంతకాలు పెట్టాక బయట చెట్టు కింద టీ తాగాం. డబ్బులు అతనే ఇచ్చాడు.

ఏప్రిల్ నుంచి ఇప్పటికి ఐదు వాయిదాలు పడ్డాయి. ఒక్కటి మాత్రం రెండు రోజులు ఆలస్యమైంది, అంతే.

ఇప్పుడు మీ నాలుగు అంశాలకి వస్తాను.

ఆరు నెలల అడ్వాన్స్. లెక్క ప్రకారం చూస్తే మీ మాటే నెగ్గుతుంది. 1,08,000 నా చేతిలో ఉంటే నేను ఎక్కడికీ తిరగాల్సిన పని లేదు, కాదనను. కానీ ఆ 1,08,000 కి మొదటి నెల కిరాయి, సామాను బండి, బ్రోకర్ కమీషన్ కలుపుకుని లక్షన్నర పట్టుకొచ్చే మనిషి మన కాలనీకి ఎందుకు వస్తాడు? పక్క కాలనీలో రెండు నెలలకే దొరుకుతుంది. నా పోర్షన్ రెండు నెలలు ఖాళీగా ఉంటేనే 36,000 పోయింది. మన నాలుగో వీధిలో ఇప్పటికే ఎన్ని టూలెట్ బోర్డులు వేలాడుతున్నాయో మీకు తెలుసు. రాష్ట్రాలకి నమూనాగా కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన అద్దె చట్టం కూడా ఇళ్లకి రెండు నెలల అడ్వాన్సే గరిష్ఠమంటోంది. ఇంకో మాట. రెండు నెలల అడ్వాన్స్‌లోంచే బిల్లు లేకుండా ఒక నెలది కోసే అలవాటున్న మన చేతుల్లో ఆరు నెలల డబ్బు పెట్టమని ఏ ముఖంతో అడుగుతాం?

ఫొటోల జాబితా. ఆమధ్య గ్రూపులో ఒకరు ఆ అబ్బాయి ఫొటో, భార్య ఫొటోతో సహా, "ఫ్రాడ్" అని రాసి పెట్టారు. నన్ను అడగలేదు. అది ఆ రోజే అతనికి చేరింది. రెండో వాయిదా ఆలస్యమైంది అందుకే. పరువు నష్టం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నేరం. పెట్టినవాళ్లు ఒకరు, వాయిదా ఆగితే నష్టపోయేవాణ్ణి నేను. దయచేసి ఆ మెసేజ్ తీసేయండి. ఇంకా అక్కడే ఉంది.

నీళ్లు, కరెంటు ఆపడం గురించి ఎక్కువ రాయను. మంజీరా నీళ్లు రెండు రోజులు రాకపోతే మనం వాటర్ బోర్డుకి ఎన్ని ఫోన్లు కొడతామో గుర్తు చేసుకోండి. ఇంట్లో కిరాయిదారు ఉండగా మోటారు ఫ్యూజు పీకితే బాకీ పక్కకి పోయి మనమే తప్పు చేసినవాళ్లమవుతాం. నమూనా చట్టం 20వ సెక్షన్ దీన్ని సూటిగా నిషేధించింది. తాళం వేసి బయటికి నెట్టినా అంతే. కోర్టు ఉత్తర్వు లేకుండా ఖాళీ చేయిస్తే, ఆరు నెలల్లోగా దావా వేసి కిరాయిదారు మళ్లీ లోపలికి రావచ్చు. అప్పుడు అతని బాకీ గురించి ఎవరూ అడగరు.

ఫ్యామిలీలకే ఇవ్వాలన్నది. నాకు బాకీ పెట్టింది ఫ్యామిలీ, హామీ ఇచ్చింది మన సభ్యుడు. ఆ హామీ ఇచ్చినాయన నేను ఫోన్ చేస్తే "నాకూ ఫోన్ ఎత్తడం లేదు సార్" అన్నారు. అంతే, పూచీ ముగిసింది. నిందించడం లేదు, నేనైనా అదే అనేవాణ్ణి.

సంఘం తీర్మానం చేయాల్సింది ప్రభుత్వానికి. ఆంధ్రప్రదేశ్ 2017లోనే అద్దెల మీద కొత్త చట్టం చేసుకుంది. తమిళనాడు చట్టం 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. మన తెలంగాణకి ఇంకా 1960 నాటిదే, అదీ 3,500 గీత దగ్గర ఆగిపోయింది. నమూనా చట్టంలో కిరాయి ఒప్పందాలు నమోదు చేసే అథారిటీ ఉంటుంది, దానిపైన అద్దె కోర్టు, ఆపైన ట్రిబ్యునల్. గడువు తీరాక ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆ తర్వాత నాలుగింతలు కిరాయి కట్టాలి. ఏ రిపేరు ఎవరిదో షెడ్యూల్‌లోనే రాశారు: సున్నం, తలుపులకీ కిటికీలకీ రంగులు, పైపులు మార్చడం, వైరింగ్ ఓనరువి, కుళాయిలు, కాలువ శుభ్రం చేయడం, గీజరు, స్విచ్చులు, పగిలిన అద్దాలు కిరాయిదారువి. పెయింటు మన ఖాతాలోనే పడుతుంది, చూసుకోండి. అయినా నాకు ఇది కావాలి. కార్యదర్శి గారూ, మీ లెటర్‌హెడ్ మీద మన ఎమ్మెల్యే గారికి, పురపాలక శాఖకి ఒక వినతిపత్రం పెట్టండి. సంతకాలకి ఇంటింటికీ నేను తిరుగుతాను. మోకాళ్లు మా ఆవిడవే నొప్పి, నావి బాగానే ఉన్నాయి.

ఈలోపు మన చేతిలో ఉన్న పని ఒకటుంది. నేను ఎలా చేశానో చెబుతాను, నచ్చితే మీరూ చేయండి.

జనవరిలో మేడ మీదికి ఇద్దరు నర్సు అమ్మాయిలు వచ్చారు. పెళ్లి కాలేదు, ఇద్దరికీ నైట్ డ్యూటీలు. రెండు నెలల అడ్వాన్స్. అగ్రిమెంటుకి ఒక తెల్ల కాగితం జత చేశాను, గది గదికీ ఏముందో, ఎలా ఉందో రాయడానికి. కరెంటు మీటరు రీడింగ్, సర్వీసు నంబరు పైనే రాశాం. ఆ నంబరు కొడితే బిల్లు కట్టారో లేదో నా ఫోన్‌లోనే తెలుస్తుంది. ప్రతి నెలా చూస్తున్నాను. ఇంట్లో వ్యాపారానికి వంట చేయకూడదని, చేయాలంటే ముందు అడగాలని ఒక లైను. ఖాళీ చేసేటప్పుడు ఇదే కాగితం పట్టుకుని ఇద్దరం మళ్లీ తిరగాలని, బిల్లు లేనిదే అడ్వాన్స్‌లో రూపాయి కోయకూడదని ఇంకో లైను. ఈ చివరిది వాళ్లు అడగలేదు, నేనే రాశాను. పదకొండు నెలలు కాగానే మళ్లీ రాసుకోవాలని క్యాలెండర్లో గుర్తు పెట్టాను.

నేను గబగబా "హాలు, బాగుంది" అని రాసేశాను. అందులో చిన్నమ్మాయి ఒప్పుకోలేదు. ప్రతి కుళాయీ తిప్పింది, ప్రతి స్విచ్చూ వేసి చూసింది. కిటికీ గడియలు లాగింది. హాల్లో కూర్చుని వేలి కణుపుతో నేల మీద తట్టుకుంటూ పోయి, "అంకుల్, ఇక్కడ బోలుగా ఉంది, వినండి" అంది. వంగి విన్నాను. నిజమే, తలుపు దగ్గర నుంచి నాలుగో టైలు డొల్లగా మోగుతోంది. పదేళ్లుగా దాని మీద నడుస్తున్నాను. "రాయండి" అంది. రాశాను.

ఆ కాగితం నమూనా యాభై కాపీలు జిరాక్సు తీయించాను. ఆదివారం హాలుకి తెస్తాను. తీర్మానం ముసాయిదాలో మొదటి వాక్యం, నా గురించి రాసింది, తీసేయమని నా మనవి. మిగతా నాలుగు అంశాల మీద ఓటింగు పెట్టేముందు నాకు పది నిమిషాలు మాట్లాడే అవకాశం ఇవ్వండి.

టీచరబ్బాయికి కోసిన 15,000 సంగతి కూడా మీరు అడుగుతారని తెలుసు. మొదటి వాయిదా పడిన రోజే పంపేయమని మా ఆవిడ అంది. మూడో వాయిదా పడ్డాక పంపాను. చాలాసేపటికి ఒక నమస్కారం గుర్తు వచ్చింది, అంతే.

ఆరో వాయిదా సెప్టెంబరు 5న రావాలి.

ఇట్లు,
మీ తోటి సభ్యుడు,
నాలుగో వీధి